‘వానలు కురిసి చెరువులు నిండాయి’ తప్పా?

సందేహం: టెట్ నమూనా ప్రశ్నపత్రంలో దోషమున్న వాక్యాన్ని గుర్తించమన్నారు. ‘వానలు కురిసి చెరువులు నిండాయి’, ‘నేను ఇంటికి వెళ్ళి అమ్మ అన్నం పెట్టింది’ రెండూ అందులో ఉన్నాయి. రెండింటిలోనూ కర్తలు వేరే. కానీ రెండోదే తప్పన్నారు. ఎందుకు?

సమాధానం: వాళ్ళ జవాబు సరైనదే. ‘క్త్వార్థకానికీ (‘వెళ్ళి’, ‘కురిసి’ వంటి అసమాపక క్రియ) సమాపక క్రియకూ (వాక్యాన్ని ముగించే క్రియ) కర్త ఒకటే’ అన్నది ప్రధాన సూత్రం. గైడ్లు అక్కడితో ఆపేయడం వల్లే ఈ చిక్కు.

రెండో వాక్యంలో ‘పెట్టింది’ అమ్మకు చెందిన క్రియ. ‘నేను’కు సమాపక క్రియే లేకుండా పోయింది. ‘వెళ్ళగానే’ అంటే సరిపోతుంది. అప్పటికే వడ్డించి ఉంటే ‘నేను వెళ్ళేసరికి అమ్మ అన్నం వడ్డించి ఉంచింది’ అనాలి. ‘అమ్మ ఇంటికి వెళ్ళి నాకు అన్నం పెట్టింది’ అనే దిద్దుబాటు కూడా ఐచ్ఛికాల్లో కనిపించవచ్చు. దానికి వ్యాకరణ దోషం లేదు గానీ వెళ్ళిన మనిషి మారిపోయింది. దాన్ని ఎంచుకోకండి.

ఇక వానల వాక్యం. కురవడం కారణం, నిండడం ఫలితం. చెరువులు కావాలని చేసిన పని కాదది. ఇలాంటిచోట తెలుగు రెండు కర్తలను ఒప్పుకుంటుంది. ‘పిడుగు పడి రెండు గేదెలు చనిపోయాయి’, ‘కరెంటు పోయి మోటారు ఆగింది’, వ్యతిరేకార్థంలో ‘వానలు లేక పైరు ఎండింది’ అన్నీ మంచి తెలుగే. ‘కురవడం వల్ల’ అని మార్చి చూడండి, అర్థం చెడకూడదు. ఆ ఒక్క పరీక్షే చాలదు. ‘వానలు కురిసి రైతులు నాట్లు వేశారు’లోనూ కారణం ఉంది, అయినా అతకదు. నాట్లు వేయడం రైతులు పూనుకొని చేసే పని. అక్కడ ‘కురవడంతో’ అనాలి. ‘పంటలు పండక రైతులు వలస పోయారు’ మాత్రం చక్కగా నిలుస్తుంది. ఆ వలస గత్యంతరం లేక జరిగింది. రెండో క్రియ ఇష్టంతో చేసిందా, వచ్చిపడిందా అన్నదే అసలు గీటురాయి.

‘నేను ఈ ఊరు వచ్చి 10 ఏళ్ళయింది’ వంటి కాలవాచక వాక్యాలను కూడా చాలామంది తప్పని గుర్తు పెడుతున్నారు. అది పూర్తిగా సాధు ప్రయోగమే.

జాతీయాల ప్రశ్నల్లో చిక్కు వేరు. అక్కడ వ్యాకరణం సరిగ్గానే ఉంటుంది, సందర్భం తప్పుతుంది. ‘ఆమె కష్టాలు విని జాలితో నా కడుపు మండింది’ దోషం. కడుపు మండడం కోపానికీ అసూయకూ చెందిన మాట. జాలికి ‘కడుపు తరుక్కుపోయింది’ అనాలి. కడుపుకోత బిడ్డను పోగొట్టుకున్న శోకం, ఉద్యోగం పోయిన బాధకు వాడరాదు. పర్యాయపదం పెట్టినా జాతీయం చెడుతుంది: ‘ఉదరం మండింది’ అని ఎవరూ అనరు.