పని జరిగితే చాలు, భాష ఏదైతేనేమి అంటారా?

"నాయకుడు పని చేస్తే చాలదా, ఏ భాషలో మాట్లాడితే ఏమిటి?" అని అడిగారు. చాలదు. ఎందుకు చాలదో మా అమ్మ సంగతి చెబితే తెలుస్తుంది.

1994లో అమ్మ హైదరాబాద్‌లో ఒక మార్కెట్ దగ్గర గోనెసంచి పరుచుకుని ఆకుకూరలు అమ్మేది. ఒకరోజు అక్కడికి ఒక పెద్ద నాయకుడు వచ్చాడు. షామియానా వేశారు, మైకు పెట్టారు. ఆయన తెలుగువాడే. "సభకు నమస్కారం" అన్నాడు, "ఆదాబ్" అన్నాడు. ఆ తర్వాత అరగంటసేపు ఇంగ్లీషే. వేదిక మీద ఢిల్లీ నుంచి వచ్చిన అధికారులు నలుగురు ఉన్నారు. ఆయన చెప్పిందంతా ఆ నలుగురికే, కింద ఎండలో కూర్చున్న వందలమందికి కాదు. చివర్లో ముందు వరుస చప్పట్లు కొడితే అమ్మా కొట్టింది. ఇంటికి వచ్చి, "గుక్క తిప్పుకోకుండా మాట్లాడాడు బిడ్డా, ఎంత చదువుకున్నాడో" అని మెచ్చుకుంది. ఏమి చెప్పాడని అడిగితే, "మన మార్కెట్ గురించే" అంది.

నెల తర్వాత గోడకు జాబితా అంటించారు. అక్కడ మూడంతస్తుల దుకాణాల సముదాయం కడతారట. ఆ శనివారంలోగా పేరు రాయించుకున్నవాళ్లకే కొత్తచోట స్థలమని ఆ రోజు సభలోనే ప్రకటించారట. జాబితాలో ఉన్నవన్నీ పక్కా దుకాణాల యజమానుల పేర్లే. నేల మీద కూర్చుని అమ్ముకునేవాళ్లలో ఒక్కరి పేరూ లేదు. అమ్మతోపాటు నేనూ ఆఫీసుకు వెళ్లాను. గుమస్తా తల ఎత్తకుండానే, "సభలో చెప్పారు కదమ్మా, మీరు చప్పట్లు కూడా కొట్టారు" అన్నాడు. అమ్మ చేతులు కొంగులో దాచుకుంది. ఎందుకు దాచుకుందో అప్పుడు నాకు తెలియలేదు. ఆ తర్వాత పదకొండేళ్లు గంప నెత్తిన పెట్టుకుని గల్లీలు తిరిగింది.

మీరన్నట్టు పని జరిగింది, భవనం లేచింది. అది ఎవరి పని అన్నదే నా ప్రశ్న.

1921 నవంబరులో, నిజాం పాలనలో, ఇదే ఊళ్లో వివేకవర్ధిని థియేటర్‌లో జరిగిన సంఘసంస్కరణ సభలో వకీలు అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి గోల పెట్టారు. ఆ అవమానం భరించలేక బయటికి వచ్చినవాళ్లు తెలుగువాళ్ల కోసం ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. వాళ్లకు కనీసం తమను అవమానించారని తెలిసింది. అమ్మకు అదీ తెలియలేదు.

తెలుగులో పెద్ద విషయాలు చెప్పలేం, మాటలు చాలవు అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. పుస్తకాలు అనువదించడానికి అంతకుముందే దారుల్ తర్జుమా అని ఒక విభాగం పెట్టారు. వైద్యం, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలోనే బోధించారు. పాలకుడు పట్టుబడితే మాటలు పుడతాయి. ఆ పట్టుదలే ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలను చదువుకు దూరం చేసిందనీ మరిచిపోను. ఒక భాషను ఎత్తడమైనా, మరో భాషను తొక్కడమైనా పైనున్నవాడి నోటితోనే మొదలవుతుందని నా గట్టి నమ్మకం. ఓట్లు అడిగేటప్పుడు వీళ్లందరికీ తెలుగు వస్తుంది, ప్రణాళిక చదివేటప్పుడే రాదు.

ఇక కాగితాల తెలుగు ఇంకో బాధ. ఉమ్మడి రాష్ట్రంలో 1966లోనే అధికార భాషా చట్టం చేశారు. ఇప్పటికీ నోటీసు తెలుగులో వచ్చినా, "తదుపరి చర్యల నిమిత్తం తెలియజేయడమైనది" అంటూ సాగుతుంది. ఖాళీ చేయమంటున్నారో, డబ్బు కట్టమంటున్నారో నాలుగుసార్లు చదివినా అంతుపట్టదు. ఇంగ్లీషులో రాసుకున్నదాన్ని తెలుగు అక్షరాల్లోకి దింపితే అది తెలుగు అయిపోదు.

పోయిన ఏడాది మా బస్తీలో మంచినీటి పైపుల గురించి సమావేశం పెట్టారు. మాట్లాడుతున్నాయన ఇంగ్లీషు అందుకోగానే నేను లేచి నిలబడి, "అయ్యా, తెలుగులో చెప్పండి" అన్నాను. వెనక నుంచి ఒక ముసలాయన, "ఉర్దూలో కూడా" అన్నాడు. మైకు దగ్గరున్నాయన కాసేపు తడబడ్డా, రెండింటిలోనూ చెప్పాడు. పావుగంటలో ముగియాల్సిన సమావేశం రెండు గంటలు సాగింది. మొదటి ప్రశ్న నా పక్కన కూర్చున్న పూలమ్మే ఆమెది: "మా గల్లీ రెండడుగులే ఉంది, ఆ పైపు ఎటునుంచి తెస్తారు?"