సైకిల్‌కు లైటు లేదని పరిహారం ఆగదు

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. మా నాయినకు 48 ఏళ్లు, సైకిల్ మీద తిరిగి పాలు పోస్తాడు. రెండు నెలల కింద తెల్లవారుజామున నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద ట్రాలీ ఆటో వెనక నుంచి గుద్దింది. కాలు విరిగితే రాడ్ వేశారు. లైటు లేకుండా అడ్డం వచ్చాడని డ్రైవర్ అంటున్నాడు. పెద్దమనుషులేమో 40 వేలు ఇప్పిస్తాం, కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. పోలీసు కేసు కాలేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ కాగితం మీద మీ నాయిన సంతకం గాని వేలిముద్ర గాని పడనీయకండి. 'మాకు మాకు రాజీ అయింది' అన్న ఆ ముక్కనే రేపు ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు కోర్టులో చూపిస్తాడు.

సైకిల్‌కు లైసెన్సు అక్కర్లేదు, ఇన్సూరెన్స్ అక్కర్లేదు. ఉండాల్సింది ఆటోకు. దాని థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మీ నాయిన లాంటి వాళ్ల కోసమే. డ్రైవర్‌కు లైసెన్సు లేకపోయినా, కోర్టు చాలాసార్లు కంపెనీతోనే ముందు కట్టించి, ఓనర్ దగ్గర వసూలు చేసుకోమంటుంది. ఇన్సూరెన్సే లేకపోతే ఓనరే కట్టాలి.

లైటు సంగతి నిజమే అనుకుందాం. మీ నాయిన తప్పు కొంత ఉందని అవతలివాళ్లు రుజువు చేస్తే ఆ మేరకు పరిహారం తగ్గొచ్చు, అంతేగాని హక్కు పోదు. ఇక అడ్డం వచ్చాడన్న మాటకు జవాబు మీ ఇంట్లోనే ఉండాలి. సైకిల్ ఏ స్థితిలో ఉంది? వెనక చక్రం వంగి, వెనక మడ్‌గార్డ్ లోపలికి నొక్కుకుపోయి, ముందు చక్రం మాత్రం సాఫీగా తిరుగుతుంటే, దెబ్బ వెనక నుంచే పడిందని ఆ ఇనుమే చెబుతుంది. దాన్ని బాగు చేయించకండి, పాత సామానుకు వేయకండి. నలుదిక్కులా ఫొటోలు తీయండి, సొట్టపడ్డ పాల క్యాన్లతో సహా.

కేసు ఇప్పటికైనా పెట్టండి. ఆలస్యమైనంత మాత్రాన క్లెయిమ్‌ను అనుమానించకూడదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. ఆలస్యం ఎందుకైందో ఫిర్యాదులో రాయండి, ఆసుపత్రిలో ఎం.ఎల్.సి. (పోలీసు కేసుకు పనికొచ్చేలా డాక్టరు రాసే గాయాల నమోదు) రాసి ఉంటే దాని నకలు జతచేయండి. స్టేషన్‌లో తీసుకోకపోతే అదే ఫిర్యాదు ఎస్పీకి రిజిస్టర్ పోస్టులో పంపండి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. భారతీయ న్యాయ సంహిత 281, 125(బి) సెక్షన్లు మీ విషయానికి వర్తిస్తాయి.

పరిహారం కోసం మోటారు వాహనాల చట్టం 166 సెక్షన్ కింద, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలి. ప్రమాదం జరిగిన చోటైనా, మీరుండే చోటైనా వేయొచ్చు. చట్టంలో గడువు ఆరు నెలలు. మీకు రెండు అయిపోయినయి.

40 వేలు ఎంత తక్కువో లెక్క వేసి చూడండి. పాల మీద నెలకు 12 వేలు మిగిలేవనుకుందాం. ఆ వయసు స్వయంఉపాధి వాళ్లకు ముందు ముందు పెరిగే ఆదాయం కింద 25 శాతం కలుపుతారు, 15 వేలు. ఏడాదికి 1,80,000. దాన్ని వయసును బట్టి ఒక అంకెతో (గుణకం) హెచ్చవేస్తారు, 48 ఏళ్లకు అది 13. పని చేసే శక్తి 20 శాతం పోయిందని తేలితే 4,68,000 రూపాయలు. ఆసుపత్రి ఖర్చు, నొప్పికి, మంచాన ఉన్న నెలల కూలికి వచ్చేవి దీనికి వేరు. ఇందులో ముఖ్యమైనది వైకల్యం శాతం ఒక్కటే కాదు. అదే కాలు కుర్చీలో కూర్చుని పనిచేసే మనిషికి విరగడం వేరు, పొద్దున్నే పెడల్ తొక్కి క్యాన్లు మోసే మనిషికి విరగడం వేరు. మెడికల్ బోర్డు సర్టిఫికెట్‌తో పాటు ఈ మాట సాక్ష్యంలో గట్టిగా చెప్పించండి. ఆదాయానికి మీ నాయిన పాలు పోసే ఇళ్లవాళ్ల సాక్ష్యం, పాల లెక్క రాసుకున్న నోటుబుక్కు పనికొస్తాయి.

పరిహారంలో ఇంత శాతం నాకివ్వాలని అడిగే వకీలు దగ్గరికి వెళ్లొద్దు, అలా అడగడం మా వృత్తి నియమాలకే విరుద్ధం. ఫీజు భరించలేకపోతే నల్లగొండ జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టండి.