శాటెల్లావ్యూ ప్యాక్ దొరికితే ముందు ఆడకు, కాపీ తియ్యి

చిరంజీవి కార్తీక్‌కు,
బాబాయి ఆశీస్సులు.

శాటెల్లావ్యూ గేములు సేకరిస్తానన్నావు, చాలా సంతోషం. జపాన్‌లో నింటెండో వారి సూపర్ ఫామికామ్ గేమ్ కన్సోల్ కోసం 1995 ఏప్రిల్ 23న మొదలైన ఆ ఉపగ్రహ ప్రసారం 2000 జూన్ 30న ఆగిపోయింది. వాటిలో చాలా గేములు కార్ట్రిడ్జ్‌గా ఎన్నడూ అమ్మకానికి రాలేదు. సెయింట్ గీగా అనే ఉపగ్రహ ప్రసార సంస్థ ప్రసారం చేసిన వేళకు ఎవరు పట్టుకుంటే వాళ్ల దగ్గర, ఒక మెగాబైట్ ఫ్లాష్ మెమరీ ప్యాక్‌లో మిగిలాయి. ఆ ప్యాక్‌ల వయసు పాతికేళ్లు దాటింది. ఫ్లాష్‌లో రాసిన విద్యుదావేశం ఏళ్ల తరబడి నెమ్మదిగా కారిపోతుంది కాబట్టి ఈ పని వాయిదా వేసేది కాదు.

ప్యాక్ చేతికి రాగానే సరదాకైనా ఆడి చూడకు. చాలా గేములను ఇన్నిసార్లే ఆడాలన్న లెక్కతో ప్రసారం చేశారు. ఆ లెక్క గేమ్ హెడర్‌లోనే, అంటే పేరూ వివరాలూ ఉండే చిన్న భాగంలోనే ఉంటుంది. బీఎస్-ఎక్స్ (శాటెల్లావ్యూను నడిపే కార్ట్రిడ్జ్) మెనూ నుంచి అలాంటి గేమ్ మొదలెట్టిన ప్రతిసారీ అక్కడ ఒక బిట్ ఒకటి నుంచి సున్నాకు మారుతుంది. దాన్ని తిరిగి ఒకటి చెయ్యాలంటే ఆ బ్లాక్ మొత్తం చెరపాల్సిందే. అంటే ఒక్కసారి ఆడినా మూలప్రతి మారిపోయినట్టే. దీనివల్ల నీకు కలిసొచ్చేదీ ఒకటుంది. లెక్క అయిపోయిన ప్యాక్‌ను పనిచెయ్యదని చవగ్గా అమ్మేస్తుంటారు, కానీ గేమ్ డేటా అందులో అలాగే ఉంటుంది. తీసుకో. ఖాళీ అని చెప్పే ప్యాక్‌నూ వదలకు. చెరపడమంటే చాలాసార్లు హెడర్‌ను పాడుచేయడమే, అసలు డేటా అడుగున మిగిలే ఉండొచ్చు. ప్యాక్‌లో 128 కిలోబైట్ల బ్లాకులు ఎనిమిది. మీద రాసిన కొత్త గేమ్ చిన్నదైతే పాత గేమ్ తునకలు మిగతా బ్లాకుల్లో దొరుకుతాయి. అందుకే మెనూలో కనిపించే గేమ్ ఒక్కటే కాక, ఎప్పుడూ ప్యాక్ మొత్తం డంప్ తియ్యి, అంటే ఉన్నది ఉన్నట్టు ఫైలుగా కాపీ చెయ్యి.

కన్సోల్ కింద అమర్చే రిసీవర్ యూనిట్ కోసం డబ్బు తగలెయ్యకు. ప్రసారం లేనప్పుడు అది అలంకారమే. డంప్ తియ్యడానికి కావలసింది పైన ప్యాక్ పెట్టే గాడి ఉన్న బీఎస్-ఎక్స్ కార్ట్రిడ్జ్, ఈ ప్యాక్‌లను చదవగల ఓపెన్ సోర్స్ కార్ట్ రీడర్. రీడర్‌లో 3.3, 5 వోల్టుల స్విచ్ ఉంటే 5 మీద పెట్టు. ప్యాక్ మీద రాయడం, చెరపడం అన్న ఎంపికలు మెనూలో కనిపిస్తే వాటి జోలికి పోకు.

పెట్టేముందు కాంటాక్టులను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూది పుల్లతో, పిన్నుల పొడవు వెంబడి ఒకే దిశలో తుడువు. పుల్ల నల్లబడకుండా వచ్చేదాకా పుల్లలు మార్చు, తర్వాత పది నిమిషాలు ఆరనివ్వు. ఇసుక కాగితం వాడితే బంగారు పూత పోతుంది.

కనీసం మూడుసార్లు చదువు. ఒక్కోసారికీ మధ్య ప్యాక్ తీసి మళ్లీ పెట్టు. ఫైలు సరిగ్గా 10,48,576 బైట్లు ఉండాలి, మూడింటి ఎస్‌హెచ్‌ఏ-1 (ఫైలు వేలిముద్ర లాంటి సంఖ్య) ఒకటే రావాలి. పై సగం, కింది సగం అచ్చంగా ఒకేలా ఉంటే అడ్రస్ పిన్ ఒకటి అంటుకోవడం లేదన్నమాట. ఫైలంతా ఒకటి రెండు బైట్లే పదేపదే వస్తుంటే చిప్ స్టేటస్ మోడ్‌లో ఇరుక్కుంది, కరెంటు తీసి మళ్లీ మొదలెట్టు. చదివిన ప్రతిసారీ అక్కడక్కడ ఒకటి రెండు బిట్లు మారుతుంటే ఆ సెల్స్ బలహీనపడ్డాయి. అప్పుడు ఏడెనిమిది సార్లు చదివి, ఎక్కువసార్లు వచ్చిన విలువనే తీసుకో. అన్ని రీడింగులూ దాచు, ఒక్కటీ పారెయ్యకు.

తర్వాత ఫైలును బైట్లుగా చూపే హెక్స్ ఎడిటర్‌లో హెడర్ చూడు. గేమ్ డేటాను అమర్చే పద్ధతులు రెండు: లో-రామ్ గేమ్ అయితే అది హెక్స్ అడ్రస్ 7ఎఫ్‌బీ0 దగ్గర, హై-రామ్ అయితే ఎఫ్‌ఎఫ్‌బీ0 దగ్గర మొదలవుతుంది. గేమ్ ఫైలు ప్యాక్ మధ్యలో మొదలైతే ఆ మొదటి నుంచే లెక్కపెట్టు. షిఫ్ట్-జిస్ అనే జపనీస్ అక్షర కోడ్‌లో పేరు, ఆటల లెక్క, తేదీ, డేటా సరిగ్గా ఉందో చూసే మొత్తమైన చెక్‌సమ్ అన్నీ అక్కడే ఉంటాయి. చెక్‌సమ్ కట్టేటప్పుడు హెడర్‌ను కలపరు. కాబట్టి ఆటల లెక్క తగ్గినా చెక్‌సమ్ సరిపోవాలి, సరిపోకపోతే డేటాలోనే లోపముంది. తేదీలో నెల, రోజు మాత్రమే ఉంటాయి, సంవత్సరం ఉండదు. దాన్ని ఆనాటి ప్రసార పట్టికలతో పోల్చి తేల్చాలి. ఒకే గేమ్ వేరే తేదీతో దొరికితే నకలని పక్కన పడెయ్యకు. పునఃప్రసారంలో మార్పులు జరిగి ఉండొచ్చు, బైట్ బైట్ పోల్చి చూడు.

ఆడాలనిపిస్తే కాపీలో ఆటల లెక్క మార్చి ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లో కన్సోల్‌ను అనుకరించే ప్రోగ్రాంలో) ఆడుకో. ఆ మార్పును విడి ప్యాచ్‌గా (మార్పు మాత్రమే ఉండే ఫైలుగా) ఉంచు, అసలు డంప్‌ను రీడ్-ఓన్లీ చెయ్యి. బీఎస్-ఎక్స్ కార్ట్రిడ్జ్‌లో బ్యాటరీ మీద నిలిచే 32 కిలోబైట్ల మెమరీనీ, బ్యాటరీ ముట్టుకోకముందే డంప్ తియ్యి. అందులో పాత యజమాని పెట్టుకున్న పేరు ఉంటుంది. దాన్ని బయట పెట్టకు.

అన్నిటికన్నా అరుదైనది మాత్రం ప్యాక్‌లో దొరకదు. సౌండ్‌లింక్ అనే రకం గేములకు కథకుల గొంతు, సంగీతం ప్రసార సమయంలో నేరుగా వచ్చేవి, ప్యాక్‌లోకి ఎక్కేవి కావు. 1995 ఆగస్టులో మొదలైన జెల్డా గేమ్ అలాంటిదే. ఆ ధ్వని మిగిలింది ఆ గంటలో వీసీఆర్ నొక్కిన వాళ్ల వీహెచ్‌ఎస్ టేపుల్లోనే. కాబట్టి జపాన్ వేలంలో శాటెల్లావ్యూ అని చేత్తో రాసిన టేపు కనిపిస్తే, ప్యాక్ కన్నా ముందు దాన్ని పట్టు.

టేపు కిటికీలోంచి రీలు అంచు చూడు. తెల్లటి పొడిలాంటిది ఉంటే బూజు. వీసీఆర్‌లో పెట్టకు, హెడ్లు పాడవుతాయి, తర్వాత పెట్టే మంచి టేపుకూ అంటుతుంది. శుభ్రం చేయగల వాళ్లకే పంపు. మన దగ్గరి పాత వీసీఆర్‌లు పాల్ టీవీ పద్ధతివి, జపాన్ టేపులు ఎన్‌టీఎస్‌సీ పద్ధతివి. ఎన్‌టీఎస్‌సీ టేపు ఆడినా చాలావాటిలో బయటికొచ్చే సిగ్నల్ సంకరం. అసలైన ఎన్‌టీఎస్‌సీ వీసీఆర్, వీలైతే టైమ్ బేస్ కరెక్టర్ (బొమ్మ వణుకును సరిచేసే భాగం) ఉన్న ఎస్-వీహెచ్‌ఎస్ తెచ్చుకో. కంప్యూటర్‌లోకి రికార్డు చేసే క్యాప్చర్ సెట్టింగును జపాన్ రకమైన ఎన్‌టీఎస్‌సీ-జేకి మార్చు. జపాన్‌లో నలుపు స్థాయి సున్నా, అమెరికాలో 7.5 ఐఆర్‌ఈ (వీడియో సిగ్నల్ కొలత). తప్పు ఎంచుకుంటే చీకటి దృశ్యాలు నల్లగా ముద్దవుతాయి. 720×480, ఇంటర్‌లేస్ విడగొట్టకుండా, నాణ్యత పోని ఎఫ్‌ఎఫ్‌వీ1 ఫార్మాట్‌లో దాచు. టేపులో హైఫై ధ్వని ట్రాక్ ఉంటే దాన్నీ, మామూలు ట్రాక్‌నూ విడివిడిగా తియ్యి. ఒకదాంట్లో గొంతు చీలినచోట రెండోది ఆదుకుంటుంది.

ఇట్లు,
మీ బాబాయి