హోల్డర్ నీ చేతిలోనే ఉండాలి

అమ్మా పైడితల్లీ,

కంచరపాలెం ఐటీఐలో నీ వెల్డర్ కోర్సు అయిపోయిందని, గాజువాక వైపు ఒక యార్డులో టెస్టుకి పిలిచారని మీ నాన్న ఫోన్ చేస్తే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మన ఇంట్లో ఆడవాళ్ళమంతా సైట్లలో ఇటుకలు, సిమెంటు మాలు మోసినవాళ్ళమే. పదేళ్ళు మోసినా మాకు ఎవరూ తాపీ చేతికివ్వలేదు. మాతోపాటు మాలు అందించిన కుర్రాళ్ళు రెండు మూడేళ్ళకే మేస్త్రీలయ్యారు. నేను తట్ట దించి వెల్డింగ్ హోల్డర్, అంటే రాడ్డు బిగించే పిడి, పట్టుకున్నాక కూడా, మొదటి యార్డులో ఎనిమిది నెలలు నాచేత చిప్పింగు, గ్రైండింగే, అంటే వేరేవాళ్ళ అతుకుల మీది పెంకు కొట్టడం, అరగదీయడమే చేయించారు. మధ్యాహ్నం అన్నాల వేళ తుక్కు ముక్కల మీద అతుకులు వేసి చెయ్యి తిప్పుకున్నాను.

నీకు ఆ తిప్పలు వద్దు. చేరిన రోజే గేటు పాసు మీద, హాజరు పుస్తకంలో నీ పేరు పక్కన ఏం రాశారో చూడు. ‘హెల్పర్’ అని ఉంటే అప్పుడే అడుగు. ‘తర్వాత మారుద్దాంలే అమ్మా’ అంటారు, మార్చరు. అన్‌స్కిల్డ్ కూలి వేరు, స్కిల్డ్ కూలి వేరు. ఒకే పనికి ఆడా మగా అందరికీ ఒకే కూలి ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. కానీ కాగితం మీద పని పేరు మార్చేస్తే ఆ చట్టం నీ దాకా రాదు.

టెస్టులో నిలువు ప్లేటు, అంటే త్రీజీ, ఇస్తారనుకో. కింది నుంచి పైకి వెళ్ళేటప్పుడు రెండు అంచుల దగ్గరా ఒక్క క్షణం ఆగు, మధ్యలో ఆగకు. ఆగితే కరిగిన లోహం జారి పొట్టలా ఉబ్బుతుంది. టెన్షన్ పడి కరెంటు పెంచకు.

ఇంకోటి, మన ఊళ్ళో ఉన్నవాళ్ళే పట్టించుకోవాల్సింది. సముద్రపు గాలికి వెల్డింగ్ రాడ్లు చెమ్మ పట్టేస్తాయి, 7018 రకం రాడ్లయితే మరీ. ఒక వానాకాలం రాత్రి ఎవరో పాకెట్టు తెరిచి వదిలేశారు. పొద్దున్నే వాటితోనే నేను పైపు అతికాను. పైకి బాగానే ఉంది. ఎక్స్‌రే తీస్తే లోపలంతా సూది బెజ్జాలు, రాడ్ల చెమ్మ వల్ల. ‘ఆడమనిషి చెయ్యి కదా’ అన్నాడు సూపర్‌వైజరు. ఆ జాయింటు కోసి, చెమ్మ పోయేలా ఓవెన్‌లో కాల్చిన రాడ్లతో మళ్ళీ వేశాను, పాసయింది. అందుకే రాడ్డు ఎక్కడి నుంచి తెచ్చారో అడక్కుండా చేతిలోకి తీసుకోకు. అడిగితే విసుక్కుంటారు, విసుక్కోనీ.

నూలు చొక్కా, పొడుగు చేతులది వేసుకో. పాలిస్టర్ మీద నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. చున్నీ, గాజులు ఇంట్లోనే వదిలెయ్. జడ టోపీలోకి దోపుకో. ‘ఒక్క చుక్కే కదా’ అని ముఖానికి వెల్డింగ్ అద్దం అడ్డు పెట్టకుండా అతుకు వెయ్యకు. రాత్రికి కళ్ళల్లో ఇసుక పోసినట్టు మండుతుంది, ఆ బాధ నేను పడ్డాను. ట్యాంకు లోపల పనైతే గాలి కొట్టే బ్లోయర్ తిరుగుతోందా, బయట మనిషి ఉన్నాడా చూసుకున్నాకే దిగు.

నీళ్ళు మానకు. బాత్రూము లేదని మే నెల ఉక్కలో నీళ్ళు తాగకుండా గడిపి మూత్రంలో మంటతో ఆసుపత్రి పాలైన ఆడవాళ్ళను చూశాను. మొదటి రోజే బాత్రూము ఎక్కడని గట్టిగా అడుగు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఎవడైనా వెకిలి మాటలన్నా, చెయ్యి వేసినా తేదీ రాసిపెట్టుకో. పదిమంది, ఆపైన పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలని 2013 చట్టం. పీఎఫ్, ఈఎస్ఐ నంబర్లు కూడా అడిగి తీసుకో.

అన్నట్టు, మీ అమ్మ ఇంకా మధురవాడ సైట్లకు వెళ్తోంది కదా. ఏడాదిలో 90 రోజులు పని చేసి, 18 నుంచి 60 ఏళ్ళ లోపు ఉంటే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోవచ్చు. తను వద్దంటుంది, నువ్వే దగ్గరుండి తీసుకెళ్ళు.

ఆదివారం నా దగ్గరికి రా. నా తోలు గ్లవ్స్ నీకు సరిపోతాయేమో చూద్దాం. నిలువు ప్లేట్లు నాలుగు కోయించి పెట్టాను, టెస్టు లోగా నా ముందు ఓసారి వేసి చూపించు.

మీ అత్త