టెక్ సందేహాలు: యాప్ లేకుండా కదలని సైకిల్ కొనకండి

రోడ్ బైక్‌ల గురించి ఈ మధ్య వస్తున్న ఉత్తరాలన్నీ ఒకే దారి పడుతున్నాయి. ఏ సైకిల్ కొనాలని మొదలై, రెండో పేరాకి వచ్చేసరికి యాప్ కనెక్ట్ కావట్లేదు, అప్‌డేట్ తర్వాత స్క్రీన్ నిలిచిపోయింది, కొత్తగా ఖాతా తెరవమంటోంది అనే గొడవలోకి దిగుతున్నాయి. టెక్ శీర్షికలో సైకిల్ ఎందుకని అడిగినవాళ్లకి నా జవాబు ఇదే. బైక్ అనగానే మనకి మోటారు సైకిల్ గుర్తొస్తుంది కాబట్టి ఒక మాట: ఇక్కడ రోడ్ బైక్ అంటే హ్యాండిల్ కిందికి వంపు తిరిగి, సన్నటి టైర్లతో, తారు రోడ్డు మీద వేగంగా పోయే గేర్ల సైకిల్.

విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు: వారానికి మూడు రోజులు బీచ్ రోడ్డులో భీమిలి వైపు తొక్కుతాను. ఒక్కసారైనా అరకు ఘాట్ ఎక్కాలని ఉంది. బడ్జెట్ 75 వేలు. ఒక షాపులో ముందు 2, వెనక 9 గేర్లున్న మామూలు రోడ్ బైక్ చూశాను. ఇంకో షాపులో అదే ధరకి స్క్రీన్, జీపీఎస్, ఫోన్‌తో తెరుచుకునే తాళం ఉన్న స్మార్ట్ సైకిల్ ఉంది. ఏది తీసుకోమంటారు?

మామూలుదే తీసుకోండి. రెండింటి ధరా ఒకటే అయినప్పుడు స్క్రీన్‌కి, బ్యాటరీకి, తాళానికి పెట్టిన డబ్బు ఎక్కడో తగ్గాలి. అది చక్రాల్లో, గేర్లలో, బ్రేకుల్లో తగ్గుతుంది. ఆ స్మార్ట్ సైకిల్ వెనక చక్రానికి ఎన్ని గేర్లున్నాయో, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ కార్బనో ఉక్కో షాపులో అడగండి. 75 వేలకి అల్యూమినియం ఫ్రేము, కార్బన్ ఫోర్క్, డిస్క్ బ్రేకులు ఉన్న మంచి సైకిల్ దొరుకుతుంది.

మీరు ఎత్తు రాయలేదు. సైకిల్ గురించి అడిగేవాళ్లలో చాలామంది రంగు రాస్తారు, ఎత్తు రాయరు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది, ఎందుకంటే కొన్న ఆరు నెలలకి మెడనొప్పి, నడుంనొప్పి అని మళ్లీ రాసేది వాళ్లే. చెప్పులు లేకుండా గోడకి ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య అట్ట పుస్తకం ఒకటి పైకి బాగా ఆనించి పట్టుకుని, దాని పై అంచు నుంచి నేల దాకా కొలవండి. ఆ కొలతతో, మీ ఎత్తుతో షాపుకి వెళ్లండి. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ మీడియంతో సరిపోదు. అందుకని అక్షరాలు వదిలేసి స్టాక్, రీచ్ అనే రెండు అంకెలు చూడండి. పెడళ్ల ఇరుసు నుంచి హ్యాండిల్ గొట్టం పై అంచు ఎంత ఎత్తులో ఉందో స్టాక్ చెబుతుంది. అదే ఇరుసు నుంచి అది ఎంత ముందుకి ఉందో రీచ్ చెబుతుంది. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకి స్టాక్ ఎక్కువ, రీచ్ తక్కువ ఉన్న ఎండ్యూరెన్స్ రకం నప్పుతుంది. పందేల సైకిల్ మీద వంగి తొక్కడం ఫొటోలో బాగుంటుంది కానీ, నలభై కిలోమీటర్లయ్యాక చేతులు తిమ్మిరెక్కుతాయి.

అరకు దారి 900 మీటర్లకి పైగా ఎక్కాలి కాబట్టి గేర్ల సంఖ్య కన్నా పళ్ల సంఖ్య ముఖ్యం. పెడళ్ల దగ్గరి చిన్న పళ్లచక్రానికి 34 పళ్లు, వెనక పళ్లచక్రాల్లో అన్నిటికన్నా పెద్దదానికి 34 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక టైరు కూడా ఒక్క చుట్టే తిరుగుతుంది, అంటే సుమారు 2.1 మీటర్లు. వెనక పెద్దది 28 పళ్లదే అయితే అదే చుట్టుకి 2.5 మీటర్లు దాటి లాగాలి. ఆ దారిలోని అనంతగిరి మలుపుల్లో మోకాళ్లకి ఆ తేడా తెలుస్తుంది. 8 గేర్లా 9 గేర్లా 10 గేర్లా అన్నది దీని తర్వాతి మాట.

టైరు 28 మిల్లీమీటర్లది వేయించుకోండి. 32 దాకా పట్టే ఫ్రేమైతే ఇంకా మంచిది. టైరు రాయిలా ఉండాలని 100 పీఎస్ఐ దాకా గాలి కొట్టే పాత అలవాటు మానేయండి. మీది ఉప్పుగాలి. తొక్కి వచ్చిన ప్రతిసారీ చైన్ పొడిగుడ్డతో తుడవండి, వారానికోసారి నూనె వేయండి. మొత్తం 75 వేలూ సైకిల్‌కే పెట్టకుండా హెల్మెట్‌కి, నేల పంపుకి, ట్యూబులకి, ముందు వెనక లైట్లకి ఏడెనిమిది వేలు పక్కన పెట్టండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో అది చూసుకోండి.

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు: ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు ఉన్న సైకిల్ ట్రాక్‌లో పొద్దున్నే తొక్కుతాను. రైడ్‌లన్నీ ఫిట్‌నెస్ యాప్‌లో పెడతాను. పోయిన వారం తెలియని మనిషి ఒకరు ‘రేపు కూడా 5:30కేనా?’ అని కామెంట్ పెట్టాడు. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఇంటి చుట్టూ ప్రైవసీ జోన్ పెట్టుకున్నాను. అది చాలదా?

చాలదు. ఇక్కడ రెండోదిగా వచ్చినా, ఈ ఉత్తరం చదివాక మిగతావి పక్కన పెట్టి ముందు రాసింది మీ జవాబే.

మీ రైడ్ రికార్డులో మీరు వారంలో ఏ రోజుల్లో తొక్కుతారో, ఎన్నింటికి బయల్దేరతారో, ఏ దారిన వెళ్తారో, ఎక్కడ ఆగి నీళ్లు తాగుతారో, ఒంటరిగా వెళ్తారో గుంపుతో వెళ్తారో అన్నీ ఉంటాయి. సైకిల్ పేరు, ఫొటో కూడా పెట్టి ఉంటే దాని ధర కూడా చెప్పినట్టే. ఇంటి ముందు నిలబడి ఇవన్నీ గమనించాలంటే నెల పడుతుంది. యాప్‌లో పది నిమిషాలు చాలు.

ప్రైవసీ జోన్ చేసే పని మ్యాప్ మీద గీతలో మొదటి ముక్కనీ చివరి ముక్కనీ చెరపడం. కానీ గీత చెరిపినా దూరం లెక్క చెరిగిపోకపోవచ్చు. మీ గీత ఒక కూడలి దగ్గర కనిపించడం మొదలైంది అనుకోండి, ఆ చోట రికార్డులో 0.4 కిలోమీటరు అని ఉంటే ఇల్లు ఆ కూడలి నుంచి రోడ్డు మీద 400 మీటర్ల దూరంలో ఉందని తేలిపోయింది. ఇంకోరోజు మీరు వేరే సందులోంచి బయటికొచ్చారు, అక్కడ 0.3 ఉంది. కాలనీ రోడ్ల మ్యాప్ పరిచి ఈ రెండు కొలతలూ కలిసే చోటు వెతికితే మీ గేటు దాకా వచ్చేయవచ్చు. ఇది నా ఊహ కాదు. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2022లో ఇదే పద్ధతిలో దాచిన ఇళ్ల చిరునామాలు బయటికి తీయొచ్చని చూపించారు.

అంతకుముందు, 2018 జనవరిలో, ఒక పెద్ద ఫిట్‌నెస్ యాప్ ప్రపంచమంతా జనం తిరిగిన దారులతో వెలిగించిన మ్యాప్‌లో సైనిక స్థావరాల ఆకారాలు బయటపడ్డాయి. ఎడారి మధ్యలో జవాన్లు పరిగెత్తిన దారులు దీపాల్లా కనిపించాయి. 2024లో ఫ్రెంచి పత్రిక లెమాండ్, దేశాధ్యక్షుల అంగరక్షకులు యాప్‌లో పెట్టిన పరుగుల్ని పట్టుకుని ఆ అధ్యక్షులు ఎక్కడ బస చేస్తారో రాసింది. భద్రతే ఉద్యోగమైనవాళ్లకే ఇలా జరిగిందంటే తప్పు వాడేవాళ్లది మాత్రమే అనలేం. ఖాతా తెరవగానే అన్నీ అందరికీ కనిపించేలా పెట్టి, దాచుకోవాల్సిన మీట ఎక్కడో నాలుగో పేజీలో పెట్టే డిజైన్‌ది అసలు తప్పు. ఇల్లు తాళం వేయకుండా అమ్మి, తాళం కావాలంటే అటక మీద వెతుక్కోమన్నట్టుంది.

ఇక మీరు చేయాల్సిన పని. రికార్డింగ్ ఇంటి దగ్గర మొదలుపెట్టకండి. ట్రాక్ గేటు దగ్గర మొదలుపెట్టి, గేటు దగ్గరే ఆపేయండి. అసలు నమోదు కాని దారిని ఎవరూ బయటికి తీయలేరు. పోయే రెండు మూడు కిలోమీటర్ల లెక్కకి బాధపడకండి. 2023లో తెరిచినప్పుడు నానక్‌రామ్‌గూడ, నార్సింగి వైపు కలిపి ఆ ట్రాక్ 23 కిలోమీటర్లు, మీ కసరత్తుకి ట్రాక్ చాలు. సెట్టింగుల్లో కొత్త రైడ్‌లు ‘నాకు మాత్రమే’ అని పెట్టండి. పాత రైడ్‌లకి ఇది దానంతటదే వర్తించదు, వాటికి విడిగా మార్చాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. దగ్గర్లో తొక్కినవాళ్లని ఒకరికొకరిని చూపించే సదుపాయం, సామూహిక మ్యాప్‌కి మీ దారులిచ్చే అనుమతి రెండూ తీసేయండి. ఫాలోయర్ల జాబితా తెరిచి ముఖం తెలియనివాళ్లని తొలగించండి. ఫొటోలు పెట్టాలనుకుంటే ఇంటికి చేరాక, సాయంత్రం పెట్టండి.

ఆ మనిషిని బ్లాక్ చేసే ముందు కామెంట్, ప్రొఫైల్ రెండూ స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. ఓ నెలపాటు బయల్దేరే సమయం మార్చండి, తోడు ఎవరైనా ఉంటే వాళ్లతో వెళ్లండి. మళ్లీ ఏ రూపంలో పలకరించినా షీ టీమ్స్‌కి చెప్పండి. చిన్న విషయమేమో అని మొహమాటపడకండి. లైవ్ లొకేషన్ మాత్రం మానకండి. ఇంట్లో ఒకరికి, ఆ ఒక్కరికే, రైడ్ అవగానే ఆగిపోయేలా పంపండి. సైక్లింగ్ గ్రూపు వాట్సాప్‌లో పెట్టకండి. రెండొందల మంది ఉన్న గ్రూపులో మీకు తెలిసినవాళ్లు ఎందరో ఒకసారి లెక్కపెట్టి చూడండి.

కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు: వైర్లు లేని ఎలక్ట్రానిక్ గేర్లని ఎవరైనా హ్యాక్ చేయొచ్చని విన్నాను. నిజమేనా? బడ్జెట్ పెంచి అవే తీసుకుందామని ఉంది.

నిజమే. 2024 ఆగస్టులో అమెరికా విశ్వవిద్యాలయాల పరిశోధకులు దాన్ని చేసి చూపించారు. గేరు మీట నొక్కినప్పుడు వెళ్లే రేడియో సంకేతాన్ని పట్టి దాచుకుని, తర్వాత పది మీటర్ల దూరం నుంచి అదే సంకేతాన్ని మళ్లీ వదిలి గేరు మార్చేశారు. తాళంచెవికి అచ్చు తీసుకున్నట్టు. ఆ గేర్లు చేసే కంపెనీ దాన్ని సరిచేస్తూ అప్‌డేట్ ఇచ్చింది. పెద్ద పందేల్లో ఉన్నవాళ్లకి ఇది ముఖ్యమైన విషయమే. మానేరు డ్యామ్ వైపు తొక్కే మీకు దీనివల్ల భయం లేదు. మీరు ఆలోచించాల్సింది అది చెడిపోయినప్పుడు ఊళ్లో ఎవరు బాగుచేస్తారన్నది. తీగతో నడిచే గేరు మొరాయిస్తే కొత్త తీగ కొన్ని వందల్లో వస్తుంది, చేయి తిరిగిన మెకానిక్ అరగంటలో వేస్తాడు. ఎలక్ట్రానిక్ మోటారు పోతే వేలు పెట్టి, వారాలు ఎదురుచూడాలి. లక్ష లోపు సైకిల్‌కి అది అక్కర్లేదు. పెంచాలనుకున్న బడ్జెట్‌ని మంచి చక్రాలకి పెట్టండి.

ఇక్కడ మీ ప్రశ్న వదిలి ఇంకో సంగతి చెప్పాలి. నేను 200 కిలోమీటర్ల బ్రెవేకి, అంటే గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్‌కి, వెళ్లాను. పదమూడున్నర గంటల్లో పూర్తిచేయాల్సిన దూరం అది. రాత్రి ఛార్జింగ్ పెట్టిన సైకిల్ కంప్యూటర్ నిద్రలో తనంతట తానే అప్‌డేట్ అయింది. తెల్లవారుజామున నాలుగింటికి ఆన్ చేస్తే ఖాతాలోకి మళ్లీ లాగిన్ అవ్వమంది. పాస్‌వర్డ్ ఇస్తే మెయిల్‌కి కోడ్ పంపానంది. చీకట్లో, చలిలో, చుట్టూ అందరూ బయల్దేరుతుంటే ఫోన్‌లో కోడ్ వెతుక్కుంటూ నిలబడ్డాను. దారి అందులోనే ఉంది. కాగితం మీద మలుపులు రాసుకొచ్చిన పెద్దాయన ఒకరు పక్కనే ఉండబట్టి ఆయన వెనకే వెళ్లాను.

దూరం, వేగం, దారి చూపించడానికి ఖాతా ఎందుకు? ఆకాశంలోంచి జీపీఎస్ సంకేతం ఉచితంగా వస్తుంది, లెక్క పరికరంలోనే జరుగుతుంది. మధ్యలో కంపెనీ సర్వర్‌కి ఏం పని? 2020 జులైలో ఇలాంటి పరికరాలు చేసే ఒక పెద్ద కంపెనీ మీద రాన్సమ్‌వేర్ దాడి (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే దాడి) జరిగి రోజుల తరబడి సేవలు ఆగిపోయాయి. కేబుల్‌తో ఫైల్ బయటికి తీయడం తెలిసినవాళ్లు తమ రైడ్‌లని వేరే చోట ఎక్కించుకున్నారు, మిగతావాళ్లు ఎదురుచూశారు. 2023 జులైలో నెదర్లాండ్స్‌లో ఒక స్మార్ట్ సైకిళ్ల కంపెనీ దివాలా తీసింది. ఫోన్‌తో సైకిల్ తాళం తెరిచే డిజిటల్ తాళంచెవి ఆ కంపెనీ సర్వర్ నుంచి రావాలి. సర్వర్ ఆగిపోతే సొంత సైకిల్‌కే తాళం తెరవలేమని కొన్నవాళ్లు భయపడ్డారు. పోటీ కంపెనీ ఒకటి ఆ తాళంచెవిని ఫోన్‌లో దాచుకునే యాప్ చేసి ఇచ్చింది. మా నాన్న సైకిల్ నలభై ఏళ్లు తొక్కారు. దాన్ని చేసిన కంపెనీ ఉందో మూతపడిందో ఆయన ఒక్కసారి కూడా తెలుసుకోవాల్సిన అవసరం రాలేదు. డబ్బు పోసి కొన్న సైకిల్ మనదే కావాలి.

కంప్యూటర్ కావాలంటే సైకిల్‌తో కలిసిపోయినది కాకుండా విడిగా బిగించేది కొనండి. చెడితే అదొక్కటే మార్చుకోవచ్చు. కొనే ముందు షాపులో మూడు పనులు చేయించండి. ఫోన్ జేబులో పెట్టుకుని, ఖాతా తెరవకుండా రైడ్ మొదలుపెట్టి చూపించమనండి. ఆ రైడ్ ఫైల్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌లోకి కాపీ చేసి చూపించమనండి. తనంతట తాను అప్‌డేట్ కాకుండా ఆపే మీట ఎక్కడుందో అడగండి. మూడింట్లో ఒకటి కుదరదన్నా ఆ మోడల్ అక్కడే వదిలేసి ఇంకోటి చూడండి.