మూడేళ్ల పాప బండలెక్కడం: ఎంతవరకు వదలవచ్చు?

హైదరాబాద్‌లోని ఖాజాగూడ బండలెక్కుతానని మూడేళ్ల మీ పాప మారాం చేస్తోందనీ, వదలాలో ఆపాలో తెలియడం లేదనీ రాశారు. ఆపనక్కరలేదు. అయితే తనంతట తాను ఎక్కలేని చోట మీరు ఎత్తి కూర్చోబెట్టకండి; ఎక్కడం కన్నా దిగడమే కష్టం, సొంతంగా ఎక్కిన పిల్లలకు దిగే దారి కొంతైనా తెలుస్తుంది. పాదాలు మీ నడుము ఎత్తు దాటనివ్వకుండా, చేయి చాస్తే అందేంత దగ్గరలో నిలబడండి. మోకాలు దోక్కుపోతే పోనివ్వండి (మన చిన్నప్పుడు అది లెక్కలోకే వచ్చేది కాదు), తలకు దెబ్బ తగిలే వీలు మాత్రం ఉండకూడదు కనుక కింద రాళ్లు, గాజు పెంకులు ముందే ఏరివేయండి. పెచ్చులుగా లేచిన గ్రానైట్‌ను అరచేత్తో తట్టినప్పుడు డొల్లగా మోగితే అటు పోనివ్వకండి. తాడు కట్టి ఎక్కించాలనుకుంటే నడుము పట్టీ చాలదు. ఈ వయసులో తుంటి సన్నం, తల బరువు, తలకిందులైతే జారిపోవచ్చు గనుక భుజాల మీదుగా వచ్చే ఫుల్ బాడీ హార్నెస్ తప్పనిసరి.