వెదురు పుల్ల మీద థాయ్ ఫలహారం

ప్రశ్న: వచ్చే నెల మేము బ్యాంకాక్ వెళ్తున్నాము. అక్కడ రోడ్ల పక్కన వెదురు పుల్లలకు మాంసం ముక్కలు గుచ్చి, బొగ్గుల మీద కాల్చి చాలా చవకగా అమ్ముతారని విన్నాను. నాకు రుచి చూడాలని ఉంది. అంత చవకగా ఇచ్చేది మంచి సరుకు కాదని మావారు భయపెడుతున్నారు. పైగా మేము పంది మాంసం, గొడ్డు మాంసం ముట్టము. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు

జవాబు: చవకదనాన్ని చూసి భయపడనవసరం లేదు. మీరు విన్న వంటకాల్లో అందరికీ తెలిసినది ‘ము పింగ్’. ‘ము’ అంటే పంది మాంసం, ‘పింగ్’ అంటే నిప్పుల మీద కాల్చినది. పుల్ల ఒకటికి సాధారణంగా 10 బాత్‌లు, లేదా కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. పుల్లకు పట్టే మాంసం నాలుగైదు పలుచని ముక్కలే కావడం, అవి నిమిషాల్లో కాలిపోవడం, బండివాడు కుర్చీలూ పళ్లేలూ సమకూర్చవలసిన పని లేకపోవడం వల్లే ఆ ధర గిట్టుబాటవుతుంది. వెల్లుల్లి, కొత్తిమీర వేళ్లు, తెల్ల మిరియాలు కలిపి నూరిన ముద్దలో తాటి బెల్లం, సోయా సాస్ వేసి ముక్కలకు పట్టిస్తారు. కాలుతున్నంతసేపూ పైన కొబ్బరిపాలు పూస్తూ ఉంటారు. కొవ్వు బొట్టు బొగ్గు మీద పడి చుయ్యిమన్నప్పుడు లేచే పొగ, బెల్లం మాడీ మాడకుండా అంచులకు పట్టే నలుపు, ఈ రెండే దాని అసలు రుచి. థాయ్‌లాండ్‌లో దీన్ని ఎక్కువగా పొద్దున పూట, ఆఫీసుకు వెళ్తూ వెళ్తూ, చిన్న సంచిలో కట్టి ఇచ్చే జిగురు అన్నంతో తింటారు. ఆ అన్నాన్ని ‘ఖావ్ నియావ్’ అంటారు. దాన్ని వేళ్లతో ఉండ చేసుకొని తినడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు.

పంది మాంసం వద్దనుకున్నారు కాబట్టి మీరు అడగవలసిన మాట ‘కై’, అంటే కోడి. ‘ఖై’ అంటే గుడ్డు. ఇంగ్లిషు అక్షరాల్లో తికమక పెట్టే ఈ తేడా క, ఖలు దిద్దిన మనకు సులువే. ‘నువా’ అన్న మాట వినిపిస్తే అది గొడ్డు మాంసం. ‘లూక్ చిన్’ అనే మాంసపు ఉండలను మాత్రం మీరు వదిలేయడమే మేలు, ఏ మాంసంతో చేశారో చూసి చెప్పడం కష్టం. ‘సై క్రోక్ ఈసాన్’ అనే పొట్టి సాసేజ్ కూడా సాధారణంగా పంది మాంసానిదే. అన్నం కలిపి పులియబెడతారు కనుక అది పుల్లగా ఉంటుంది, అంతేగాని పాడైపోయి కాదు. ఇంకొక మాట: కోడి పుల్లలు కూడా చాలా బండ్ల మీద పంది మాంసం కాల్చిన కమ్మీల మీదే కాలుతాయి, ఒకే కుంచె రెండింటికీ తిరుగుతుంది. అది పట్టింపు అయితే హలాల్ గుర్తు ఉన్న బండి వెతుక్కోండి. అక్కడ పంది మాంసం ఉండదు గాని గొడ్డు మాంసం ఉండవచ్చు, కనుక ‘కై’ అనే అడగండి.

ఇక కడుపు సంగతి. మీవారు అన్నది పూర్తిగా తోసిపుచ్చను. ఎప్పుడో కాల్చి పళ్లెంలో పేర్చి ఉంచిన పుల్లలు కొనకండి. మీ కళ్లెదుట నిప్పు మీద నుంచి తీసినవే తీసుకోండి, లేదా పేర్చి ఉంచినవాటినే మళ్లీ బాగా కాల్చి ఇమ్మనండి. పచ్చి మాంసం, వండినది ఒకే పళ్లెంలో ఉన్న బండి దగ్గర ఆగవద్దు. కోడి ముక్క విరిచి చూసి, లోపల గులాబీ రంగు కనిపిస్తే తినకండి. స్థానికులు వరుసలో నిలబడే బండి దగ్గర సరుకు నిలవ ఉండదు కనుక, నేనైతే అక్కడే నిలబడతాను. ఎండుమిరప పొడి, వేయించిన బియ్యపు పొడి కలిపిన ‘నామ్ చిమ్ చేవ్’ అనే పులుసు పక్కన ఇస్తే కొద్దిగానే అద్దుకోండి. అందులో చేపల సాస్ ఉంటుందని గుర్తుంచుకోండి.

అప్పటికీ మీవారు ఒప్పుకోకపోతే ఆయన చేతికి ‘క్లువై పింగ్’ పుల్ల ఇవ్వండి. అది కాల్చిన అరటిపండు.